ఊరు మారుతున్నారా? ఎండ, వాన, గాలి లెక్కలు చూసుకోండి

ఉద్యోగరీత్యా ఊరు మారవలసి వస్తే మనం ముందుగా విచారించే సంగతులు మూడు. అద్దెకు ఇల్లు దొరుకుతుందా? పిల్లలకు మంచి బడి వుందా? నీళ్ళు ఎలా వుంటాయి? ఈ మూడూ తెలిశాక సామాను సర్దుకుంటాం. ఆ వూళ్ళో ఎండ ఎంత, వాన ఎంత, గాలి ఎంత అని అడిగేవాళ్ళు నూటికొకరైనా వుండరు. ఒకవేళ అడిగినా, "అక్కడ చలి ఎక్కువటండీ" అని ఎవరో ఒకరు అంటే దాంతో సరిపెట్టుకుంటారు.

ఒక కుటుంబాన్ని ఊహించుకోండి. మీరు హైదరాబాదులో వుంటున్నారు. మీ అమ్మాయిని విశాఖపట్నం వాళ్ళకిచ్చారు. ఆమెకు జైనూరు దగ్గర ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగం వచ్చింది. నెలల పిల్లవాణ్ణి ఎత్తుకుని నవంబరులో అక్కడ చేరాలి. సాయంగా వుండడానికి అత్తగారు విశాఖ నుంచి వస్తానన్నారు. ఆవిడకు ఉబ్బసం వుంది. అల్లుడుగారు ఫోను తీసి, లెక్కలు చూసి, "ఆదిలాబాదు ప్రాంతంలో ఏడాదికి పడే వాన ఇంచుమించు మా విశాఖలో పడేటంతే. ఏడాది సగటు వేడిలో కూడా పెద్ద తేడా లేదు. మీరేమీ కంగారు పడకండి" అన్నారు.

అల్లుడుగారి లెక్క సరైనదే. రెండుచోట్లా వాన 1,100 మిల్లీమీటర్ల చుట్టుపట్లే. ఏడాది పొడుగునా వున్న వేడిని కూడి భాగిస్తే రెండూ 27, 28 డిగ్రీల దగ్గరే తేలతాయి. కాని ఈ లెక్కను నమ్మి ఒక్క పలచటి దుప్పటితో వెళ్ళిన చంటిపిల్ల తల్లి, డిసెంబరులో ఒక తెల్లవారుజామున పిల్లవాడి చేతులూ కాళ్ళూ చల్లబడి, పాలు తాగక, మూలగనైనా మూలగక పడివుంటే ఏంచేయాలో తోచక ఆస్పత్రికి పరుగెత్తవలసి వస్తుంది. సగటు అనేది ఎటువంటిదంటే, రెండు పూటలు ఉప్పు లేకుండా వండి మూడోపూట మూడింతలు వేశారనుకోండి, సగటున ఉప్పు సరిగ్గానే వుంటుంది. తినడానికి మాత్రం ఏ పూటా పనికిరాదు.

అంచేత ఊళ్ళ వాతావరణం పోల్చేటప్పుడు ఏ అంకె చూడాలి, దాన్ని మన ఒంటికి ఎలా అన్వయించుకోవాలి అన్నది ఈ వారం చెప్పుకుందాం.

ఈ అంకెలు ఎక్కడివి?

ముందొక సంగతి తెలియాలి. పత్రికలోనూ ఫోనులోనూ కనిపించే ఉష్ణోగ్రత ఎండలో కొలిచింది కాదు. తెల్ల రంగు వేసి, నాలుగు పక్కలా గాలి ఆడే రెక్కలున్న ఒక చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల ఎత్తున, నీడలో థర్మామీటరు పెట్టి కొలిచింది. కనుక "ఈరోజు 43 డిగ్రీలు" అంటే నీడలో 43 అన్నమాట. పత్తి చేలో నిలబడ్డవాడికీ, రేకుల ఇంట్లో పడుకున్న బాలింతకూ తగిలే వేడి అంతకంటె చాలా ఎక్కువ. వానను రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలుస్తారు. అంతకుముందు ఇరవైనాలుగు గంటల్లో పడిందంతా ఆ రోజు లెక్క. ఒక మిల్లీమీటరు వాన అంటే చదరపు మీటరు నేల మీద ఒక లీటరు నీళ్ళు. గాలివేగాన్ని పది మీటర్ల ఎత్తున, తిరిగే గిన్నెలున్న యంత్రంతో కొలుస్తారు. మీ వాకిట్లో వీచే గాలికీ దానికీ పొంతన లేకపోవచ్చు.

ఎండ ఎన్ని గంటలు కాసిందో కొలిచే పరికరం వీటన్నిటిలోకీ చూడముచ్చటైనది. ఒక గాజుగోళం, దాని వెనక వంపు తిరిగిన ఒక అట్ట. ఎండ కాస్తున్నంతసేపూ గోళంలోంచి వచ్చే వేడి అట్టను గీతలాగా కాలుస్తూ పోతుంది. మబ్బు పడితే గీత తెగిపోతుంది. సాయంత్రం గీత పొడుగు కొలిస్తే ఆనాటి ఎండ గంటలు తెలుస్తాయి. 1853లో కాంబెల్ అనే ఆయన మొదలుపెట్టి, 1879లో స్టోక్స్ అనే శాస్త్రజ్ఞుడు బాగుచేసిన పద్ధతి ఇది.

మరొక సంగతి. ఆదిలాబాదు పట్టణంలోని అంకె జైనూరుకు చెల్లదు. ఆదిలాబాదు సముద్రమట్టానికి 260 మీటర్ల పైచిలుకు ఎత్తున వుంది. జైనూరు అంతకంటె ఎత్తున, ఉట్నూరు పక్క గుట్టల మధ్య, అడవి అంచున వుంది. 2016 దాకా ఉమ్మడి ఆదిలాబాదు జిల్లాలో వున్న ఈ మండలం ఇప్పుడు కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లాలోది. తెలంగాణలో ఇప్పుడు మండలాల్లో కూడా వాటంతటవే కొలుచుకునే వాతావరణ కేంద్రాలు పెట్టారు. కాబట్టి జిల్లా అంకెతో సరిపెట్టుకోకండి. మండలం అంకె అడగండి.

వాన ఎంత అని కాదు, ఎన్ని రోజులు అని

లండనులో ఎప్పుడూ ముసురే అని వింటుంటాం గదా. అక్కడ ఏడాదికి పడే వాన మొత్తం 600 మిల్లీమీటర్ల దరిదాపుల్లో వుంటుంది. హైదరాబాదులో 800. అంటే లండను కంటె మన హైదరాబాదులోనే వాన ఎక్కువ! కాని అక్కడ అది నూరు రోజులకు మించి, కొంచెం కొంచెంగా చినుకుతుంది. మన దగ్గర యాభై, అరవై రోజుల్లో కుమ్మరించి పోతుంది. ఈ కుమ్మరింపు ఎంతవరకూ వెళుతుందో చూడండి. 2023 జూలై ఆఖరి వారంలో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. లండనుకు ఏడాదంతా పట్టే వాన ఆ వూరికి ఒక రాత్రీ పగలూ సరిపోయింది. అంతకు ముందు ఏడు, 2022 జూలైలో, ఉమ్మడి ఆదిలాబాదు ప్రాంతం మీద కురిసిన వానకు కడెం జలాశయం నిండి పొర్లి, కింది ఊళ్ళవాళ్ళు బిక్కుబిక్కుమంటూ గడిపారు.

మన వాతావరణశాఖ 2.5 మిల్లీమీటర్లు గాని అంతకు మించి గాని పడితేనే దాన్ని "వానరోజు" అంటుంది. మీకు కావలసిన మొదటి అంకె ఈ వానరోజుల సంఖ్య. రెండోది అవి ఏ నెలల్లో వస్తాయన్నది. ఆదిలాబాదు గుట్టల్లో పడే వానలో అయిదింట నాలుగు వంతులకు పైగా జూన్ నుంచి సెప్టెంబరు లోపలే పడిపోతుంది. విశాఖలో అలా కాదు. అక్కడ అక్టోబరు కూడా పెద్ద వానల నెలే, తుపాను వస్తే నవంబరు కూడా. మొత్తం ఒకటే అయినా, జైనూరులో దసరా నాటికి గొడుగు మూలన పడుతుంది, విశాఖలో దీపావళి దాకా చేతిలోనే వుంటుంది.

దీనికీ ఆరోగ్యానికీ సంబంధం ఏమిటంటారా? జ్వరాల పంచాంగం అంతా ఇందులోనే వుంది. దోమ గుడ్డు పెట్టిన నాటి నుంచి రెక్కలొచ్చి ఎగరడానికి వారం, పది రోజులు పడుతుంది. అది మలేరియా రోగిని కుట్టాక, దాని ఒంట్లో ఆ క్రిమి ఎదిగి మరొకరికి అంటించగలిగేందుకు ఇంకో పది, పద్నాలుగు రోజులు. కుట్టించుకున్న మనిషికి జ్వరం రావడానికి మళ్ళీ పది రోజులో, రెండు వారాలో. ఈ లెక్కన వాన వెలిసి, గుంటల్లో నీళ్ళు నిలిచిన అయిదారు వారాలకు జ్వరాల వరద మొదలవుతుంది. ఇంకొక చిత్రం. కుండపోతగా కురిసే వాన వాగుల్లోని దోమపిల్లల్ని కొట్టుకుపోతుంది. నాలుగు రోజులు వాన, నాలుగు రోజులు ఎండ, మళ్ళీ వాన, ఇలా దోబూచులాడే కాలమే దోమకు పండుగ. అందుకే ఏజెన్సీ ఊళ్ళలో ఆగస్టు, సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో జ్వరం వస్తే "మామూలు జ్వరమేలే" అని మాత్ర మింగి పడుకోకూడదు. అదే రోజు ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనో, ఆశా కార్యకర్త దగ్గరో రక్తపరీక్ష చేయించుకోవాలి. మలేరియా అని తేలితే మందు పూర్తిగా వాడాలి. ఒక రకం మలేరియాకు పద్నాలుగు రోజులు మాత్ర వేసుకోవలసి వుంటుంది. మూడోరోజుకు జ్వరం తగ్గిందని మానేస్తే, కాలేయంలో దాక్కున్న క్రిమి నెలల తర్వాత మళ్ళీ తిరగబెడుతుంది. గర్భిణులకు ఆ మాత్ర పనికిరాదు. వాళ్ళకు డాక్టరు వేరే మందు ఇస్తారు.

దోమకూ మలేరియాకూ వున్న ముడిని రొనాల్డ్ రాస్ విప్పింది ఎక్కడో కాదు, మన సికింద్రాబాదులోనే, 1897 ఆగస్టు 20న. అదీ వానాకాలమే సుమా.

మీరు హైదరాబాదులో వున్నారు గదా అని ధీమా పడకండి. పట్టణపు దోమకు వాగు అక్కర్లేదు. ఎయిర్‌ కూలరు అడుగున నిలిచిన నీళ్ళు, మేడ మీద పాత టైరు, పూలకుండీ కింది పళ్ళెం చాలు. డెంగీ తెచ్చే దోమ పగలు కుడుతుంది. వారానికొక రోజు పెట్టుకుని ఇంట్లో నిలవ నీళ్ళన్నీ పారబోసి, తొట్లూ గోళాలూ గీకి ఆరబెట్టండి. వారమే ఎందుకో పైన చెప్పిన లెక్క చూస్తే తెలుస్తుంది. దోమకు ఎగిరే వయసు రానివ్వకూడదు.

ఇక విరేచనాలు. తొలకరి వానకు నేల మీది మురికంతా బావుల్లోకీ చెలమల్లోకీ చేరుతుంది. అందుకని జూన్, జూలైలలో నీళ్ళు కాచి తాగడం తప్పనిసరి. ఇంట్లో పిల్లలుంటే ఓ.ఆర్.ఎస్. పొట్లాలు నాలుగు వుంచుకోండి. లేకపోతే కాచి చల్లార్చిన లీటరు నీళ్ళలో ఆరు టీ చెంచాల పంచదార, అర టీ చెంచా ఉప్పు, రెండూ తలకొట్టి కొలిచి కలపండి. ఉప్పు ఎక్కువైతే మేలుకు బదులు కీడు జరుగుతుంది.

ఎండ వుండీ ఎముకకు అందకపోతే

హైదరాబాదులో ఏడాదికి సుమారు 2,700 గంటలు ఎండ కాస్తుంది. లండనుకు 1,600 గంటలు దొరికితే గొప్ప. ఇంత ఎండలో వుంటూ మనకు 'డి' విటమిను లోటు వుండకూడదు. కాని వుంది. పరీక్షలు చేసిన చోటల్లా కనిపిస్తోంది. తిరుపతిలో జరిగిన పరిశోధన ఒకటి 2007లో వెలువడింది. ఆరోగ్యంగా తిరుగుతున్నవాళ్ళలోనే ఈ లోటు విరివిగా వున్నదనీ, తిండిలో సున్నం పాలు, అంటే కాల్షియం, చాలదనీ అందులో తేలింది.

కారణం పెద్ద రహస్యమేమీ కాదు. గాజుగోళం కొలిచిన ఎండ మేడ మీద పడింది, మీ చర్మం మీద పడలేదు. కిటికీ అద్దంలోంచి వచ్చే ఎండలో ఆ విటమినును పుట్టించే కిరణాలు వుండవు. లేత ఎండ మంచిదని తెల్లవారగానే నిలబడతారు చాలామంది. మనసుకు మంచిదే, నడకకు మంచిదే. 'డి' విటమిను మాత్రం ఆ వేళ దాదాపు తయారు కాదు. సూర్యుడు నెత్తిమీదికి వచ్చే పదకొండు నుంచి రెండు గంటల మధ్యనే అది బాగా తయారవుతుంది. అందుకని చలికాలంలో, మధ్యాహ్నం అన్నం వేళకు ముందు, చేతులూ కాళ్ళూ ముఖమూ కప్పుకోకుండా పావుగంట, ఇరవై నిమిషాలు ఎండలో తిరగండి. చామనఛాయ ముదిరినకొద్దీ ఇంకొంచెం ఎక్కువసేపు కావాలి. వేసవిలో ఈ సలహా పాటించకండి. ఏప్రిల్, మే నెలల్లో ఆ వేళ బయట నిలబడితే విటమిను మాట అటుంచి ప్రాణానికే ముప్పు.

వానాకాలంలో హైదరాబాదులో ఎండ రోజుకు నాలుగైదు గంటలకు పడిపోతుంది. ఆ రెండు మూడు నెలలకూ కావలసింది శరీరం కొంతవరకు ముందే దాచుకుంటుంది. నెలలు నిండని పిల్లలకూ, ఇల్లు కదలని ముసలివాళ్ళకూ డాక్టరును అడిగి మందు రూపంలో ఇవ్వడమే సులువు.

ఏ వూరి ఎండ ఎక్కువ ప్రమాదం?

మే నెలలో ఆదిలాబాదులో 43 డిగ్రీలు, విశాఖలో 36. ఏది ప్రమాదం అంటే ఎవరైనా ఆదిలాబాదే అంటారు. అంత తొందరపడి చెప్పకూడదు. 2015 మే నెల వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా చనిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో చనిపోయినవాళ్ళు తెలంగాణలో కంటె ఎక్కువ. సముద్రపు ఒడ్డు జిల్లాలు కూడా ఆ జాబితాలో పైనే వున్నాయి.

మన ఒంటిని చల్లబరిచేది చెమట. ఒక లీటరు చెమట ఆవిరైపోతే సుమారు 580 కిలో క్యాలరీల వేడి ఒంట్లోంచి తీసుకుపోతుంది. ఆవిరైతేనే సుమా! ధారలు కట్టి కారిపోయిన చెమట వృథా. సముద్రతీరపు గాలిలో అప్పటికే తేమ నిండివుంటుంది కనుక చెమట ఆరదు. గుట్టల్లోని పొడిగాలిలో చెమట పట్టినట్టే తెలియదు, పట్టిందల్లా పట్టినట్టు ఆరిపోతుంది. అందువల్ల జైనూరులో మే నెల ప్రమాదం వేరే రకం. "నాకు చెమటే పట్టలేదు, నీళ్ళెందుకు?" అనుకుంటూనే ఒంట్లో నీరు ఖర్చయిపోతుంది. మూత్రం చిక్కటి పసుపురంగుకు తిరిగిందంటే మీరు వెనకబడ్డారన్నమాట.

తేమను కూడా కలుపుకుని ఎండను అంచనా వేయడానికి ఒక పద్ధతి వుంది. మీ పిల్లల బళ్ళో థర్మామీటర్లు వుంటాయి. ఒకదాని బల్బుకు తడిగుడ్డ చుట్టి, రెంటినీ నీడలో పక్కపక్కన వేలాడదీసి, పావుగంట విసరమనండి. మామూలుది 42, తడిది 24 చూపిస్తే చెమటకు ఇంకా బోలెడు అవకాశం వుంది. నీళ్ళు తాగుతూ నీడలో వుంటే గండం గడుస్తుంది. మామూలుది 36, తడిది 30 చూపిస్తే, అంకె చిన్నదే అయినా, బరువు పని చేసే మనిషికి అది ఎక్కువ ప్రమాదం. తడిగుడ్డ థర్మామీటరు 35కు చేరితే ఎంత గట్టి మనిషైనా, నీడలో వున్నా, కొన్ని గంటలకు మించి తట్టుకోలేడు.

గాలి సంగతి ఇక్కడే చెప్పాలి. మన చర్మం వేడి 35 డిగ్రీల ప్రాంతంలో వుంటుంది. గాలి అంతకంటె చల్లగా వుంటే ఎంత వీస్తే అంత హాయి. అంతకంటె బాగా వేడెక్కితే గాలే మనకు వేడి మోసుకొస్తుంది. వడగాడ్పు అంటే అదే. 40 డిగ్రీలు దాటిన గదిలో తలుపులు మూసుకుని ఫ్యాను కింద కూర్చుంటే, పొయ్యి దగ్గర విసనకర్రతో విసురుకున్నట్టే. అప్పుడు ఒళ్ళు తడిగుడ్డతో తుడుచుకుంటూ ఫ్యాను వేసుకోవాలి. పగలు పడమటి కిటికీకి తడి గోనెపట్టా వేలాడదీసి, రాత్రి అన్నీ తెరవాలి. విశాఖవాళ్ళకు సాయంత్రానికి సముద్రపు గాలి ఆదుకుంటుంది. జైనూరులో ఆ పని రాత్రి చేస్తుంది.

వడదెబ్బ తగిలిన మనిషిని పోల్చుకోవడం కష్టం కాదు. ఒళ్ళు కాలిపోతూ వుంటుంది, మాట తడబడుతుంది, అడిగినదానికి పొంతన లేకుండా జవాబు చెబుతాడు. 108కి ఫోను చేసి, అంబులెన్సు వచ్చేలోగా నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్ళంతా నీళ్ళతో తడుపుతూ విసరండి. స్పృహ లేనివాళ్ళ నోట్లో నీళ్ళు గాని, మజ్జిగ గాని పోయకండి. ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

జైనూరు చలి

మా దృష్టిలో హైదరాబాదు, విశాఖ కుటుంబాలు ఎక్కువగా ఏమరుపాటున వుండేది ఇక్కడే. ఎండకు అందరూ భయపడతారు. మన వైపు చలి ఏం చేస్తుందిలే అనుకుంటారు.

విశాఖలో డిసెంబరులో పగటికీ రాత్రికీ తేడా ఏ ఎనిమిదో, పదో డిగ్రీలు. సముద్రం పగటి వేడిని దాచుకుని రాత్రి తిరిగి ఇస్తుంది. ఆదిలాబాదు ప్రాంతంలో పగలు 28, 29 దాకా ఎక్కి, తెల్లవారేసరికి 12, 13కు దిగడం మామూలు. గట్టి చలి వచ్చిన రోజుల్లో గుట్టల మధ్య ఊళ్ళలో పదికి దిగువకు పోతుంది. సిర్పూర్ (యు), తిర్యాణి, జైనూరు వంటి పేర్లు ఏటా చలికాలంలో పత్రికలకెక్కేది ఇందుకే. ఆకాశం నిర్మలంగా వుంటే నేలలోని వేడి పైకి పోతుంది. గాలి లేకపోతే చల్లబడిన బరువైన గాలి నీళ్ళలాగా పల్లానికి దిగి లోయలో నిలుస్తుంది. కాబట్టి "గాలి బొత్తిగా లేదు, ఆకాశం నిర్మలం" అన్న సమాచారం చలికాలంలో శుభవార్త కాదు. తెల్లవారుజామున జాగ్రత్త అని అర్థం.

ఆ నిలిచిపోయిన గాలిలో పొగ కూడా నిలుస్తుంది. వీధుల్లో నెగళ్ళు, ఇళ్ళలో కట్టెపొయ్యిలు, పొలాల్లో కాల్చే మోళ్ళు, అన్నీ కలిసి ఇంటి కప్పుల ఎత్తున ఒక పొరలాగా కమ్ముకుంటాయి. ఉబ్బసం వున్న మన అత్తగారు తెల్లవారగానే నడకకు వెళ్ళకూడదు. ఎండ పడి, పొగ పైకి లేచాక, తొమ్మిది తరువాత వెళ్ళాలి. ముక్కూ నోరూ కప్పేటట్టు శాలువ చుట్టుకుంటే లోపలికి పోయే గాలి కొంత వెచ్చబడుతుంది. పీల్చే మందు డబ్బా అయిపోకముందే ఇంకొకటి తెచ్చి వుంచుకోవాలి. జైనూరులో రాత్రిపూట అన్ని మందులూ దొరుకుతాయని అనుకోకూడదు.

చంటిపిల్లల సంగతి. పెద్దవాళ్ళలాగా వణికి వేడి పుట్టించుకోవడం వాళ్ళకు చేతకాదు. పిల్లవాడి పొట్టా పాదాలూ ముట్టుకుని చూడండి. పాదాలు చల్లగా, పొట్ట వెచ్చగా వుంటే కప్పడం చాలలేదని అర్థం. పొట్ట కూడా చల్లబడితే ఆలస్యం చేయకుండా, బట్టలు విప్పి తల్లి గుండెలకు ఆనించి, ఇద్దరికీ కలిపి గొంగడి కప్పి, ఆస్పత్రికి తీసుకుపోవాలి. తల్లి ఒంటిని మించిన వెచ్చదనం ఏ పెట్టెలోనూ లేదు. తలకు టోపీ మరవకండి. పసిపిల్లల ఒంటి వేడి ఎక్కువగా పోయేది తల నుంచే. పుట్టిన బిడ్డకు వెంటనే స్నానం చేయించడం, తెల్లారకుండా నీళ్ళు పోయడం రెండూ మానండి. పది గంటలకు, ఎండ పొడలో, త్వరగా ముగించండి.

కుంపటి విషయంలో కటువుగా చెప్పక తప్పదు. మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోకండి. దాన్నుంచి వచ్చే విషవాయువుకు వాసన వుండదు, రంగు వుండదు. తలనొప్పిగా వుందనుకుని పడుకున్నవాళ్ళు మళ్ళీ లేవరు. పడుకునే ముందు గది వెచ్చబెట్టి, కుంపటి బయటపెట్టి పడుకోవాలి.

రక్తపోటు, గుండెనొప్పి వున్నవాళ్ళకు చలిలో రక్తనాళాలు ముడుచుకుని పోటు పెరుగుతుంది. వేసవిలో సరిపోయిన మందు చలికాలంలో చాలకపోవచ్చు. డిసెంబరులో ఒకసారి చూపించుకోండి. ముసలివాళ్ళ ఒంటి వేడి 35 డిగ్రీలకు దిగువకు పోతే మత్తుగా, మందకొడిగా అయిపోతారు. దాన్ని నిద్రమత్తు అనుకుని వదిలేయడం కద్దు.

ఈ ప్రాంతానికి ప్రత్యేకమైనది ఇంకొకటి వుంది. ఇక్కడి గోండు, కొలాం తదితర గిరిజన కుటుంబాల్లో కొందరికి కొడవలి కణాల రక్తహీనత పుట్టుకతో వస్తుంది. సికిల్ సెల్ అంటారు. ఎర్రకణాలు కొడవలి ఆకారంలోకి వంగి సన్నని రక్తనాళాల్లో అడ్డుపడతాయి. చలీ, ఒంట్లో నీళ్ళు తగ్గడం, జ్వరం, ఇవి ఆ నొప్పిని రేపుతాయి. పగలు ఎండలో నీళ్ళు తాగక, రాత్రి చలికి వణికిన పిల్లకు తెల్లవారేసరికి కాళ్ళూ చేతులూ విరగ్గొట్టినట్టు నొప్పులు పుట్టవచ్చు. మన అమ్మాయి ఆశ్రమ పాఠశాలలో పనిచేయబోతోంది గదా. బళ్ళో ఏ పిల్లలకు ఈ జబ్బు వుందో చేరిన వారంలోనే తెలుసుకోవాలి. దుప్పటి రెండోది ఇప్పించడం, స్నానానికి వేడినీళ్ళు అడగడం, చలికాలంలో కూడా వేళకు నీళ్ళు తాగించడం టీచరు చేయగల వైద్యం. నొప్పి మొదలైతే "బడి ఎగ్గొట్టడానికి వేషాలు" అనకుండా ఆస్పత్రికి పంపాలి. ఈ జబ్బును పట్టుకునే రక్తపరీక్షలకు 2023లో కేంద్ర ప్రభుత్వం దేశవ్యాప్తంగా ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. పరీక్ష కోసం ఆరోగ్య కేంద్రంలో అడగవచ్చు.

పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతరకు వెళ్ళేవాళ్ళూ, జైనూరు మండలంలోని మార్లవాయికి జనవరిలో హైమన్‌డార్ఫ్ దంపతుల స్మృతికి వెళ్ళేవాళ్ళూ హైదరాబాదు నుంచి పలచటి చొక్కాలతో బయలుదేరుతుంటారు. పగలు నప్పుతుంది. రాత్రి అక్కడే ఆగేట్లయితే గొంగడి, కాళ్ళకు మేజోళ్ళు, చెవులకు గుడ్డ వుండాలి.

పిడుగు

వాన లెక్కల్లో కనిపించని మరణాలివి. జూన్ మొదట్లో పత్తి విత్తే వేళ, మళ్ళీ సెప్టెంబరులో, చేలల్లో వున్నవాళ్ళను బలిగొంటుంది. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా అంకెలు లెక్కపెట్టండి. మూడు అంకెలకు ఒక కిలోమీటరు. ముప్పైలోపల వినపడితే పని ఆపి పక్కా ఇంట్లోకి వెళ్ళాలి. చెట్టు కిందికి మాత్రం వెళ్ళకండి.

మరి జైనూరుకు వెళ్ళాలా, వద్దా?

వెళ్ళవచ్చు. విశాఖలో ఏడాది పొడుగునా చెమటకు ఒళ్ళు పేలి, గజ్జల్లో తామరతో బాధపడినవాళ్ళకు ఆ పొడిగాలి ఎంతో సుఖం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ మీద గంటకు 170 కిలోమీటర్లు దాటిన వేగంతో విరుచుకుపడింది. అటువంటి గాలి జైనూరు గుట్టలకు తెలియదు. మేమైతే అత్తగారిని నవంబరులో కాక ఫిబ్రవరి ఆఖరున రమ్మంటాం. చలి తగ్గుతుంది, ఎండ ముదరదు, దోమ వుండదు. పిల్లవాడి తల్లికి అంత వెసులుబాటు లేదు గనుక తూర్పు, దక్షిణం ఎండ పడే గది చూసుకోవాలి. రేకుల కప్పు కంటె పెంకుటిల్లు మేలు. వేసవి రాకముందే మట్టి రంజన్ కొనుక్కోవాలి.

వెళ్ళిన తరువాత ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. నిలువు గోడలున్న డబ్బా ఒకటి, మూతి వెడల్పూ అడుగు వెడల్పూ ఒకటే వుండేది, చాలు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు అందులో నిలిచిన నీళ్ళ లోతును స్కేలుతో మిల్లీమీటర్లలో కొలిచి రాయండి. డబ్బా సైజు ఎంతైనా లెక్క మారదు. పక్కనే ఆనాటి తెల్లవారుజాము వేడి, ఇంట్లో ఎవరికి దగ్గు, ఎవరికి జ్వరం, ఎవరికి నొప్పులు అని ఒక ముక్క రాయండి. ఒక ఏడాది రాస్తే అత్తగారి ఆయాసం ఏ వారంలో మొదలవుతుందో, ఇంట్లో జ్వరం ఏ వానకు ఎన్ని వారాల తరువాత వస్తుందో మీకే తెలుస్తుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు ఆ పుస్తకం పట్టుకుపోండి, ఆయనకు సగం పని తగ్గుతుంది. డబ్బాను మాత్రం చెట్టు కిందా చూరు కిందా పెట్టకండి. పెరట్లో, కోళ్ళు తన్నకుండా ఇటుకల మధ్య నిలపండి.